లోకేశ్వరి పెట్టిన పోలిక

"అత్తా, నిన్ను అడగతా ఎవురో ముసలాయన వచ్చినాడు" అంది కోడలు సుగంతి, కూరగాయల సంచితో అప్పుడే వాకిట్లోకి వచ్చిన లోకేశ్వరితో. "అగ్గిపెట్టెల కంపెనీలో కథలు చెప్పే లోకేశ్వరి ఇల్లు ఇదేనా అన్నాడు. పేరు చెప్పలేదు. రేప్పొద్దున మళ్ళా వస్తాడంట."

"ఎట్లుండాడు?"

"తెల్లపంచె, తెల్లచొక్కా. చేతులు ఎనక్కి కట్టుకోని, తల వంచుకోని నడస్తాడు. ఎడమకాలు రవంత ఈడస్తాడు."

లోకేశ్వరి సంచి కింద పెట్టి గడప మీద చతికిలబడింది. గుడియాత్తంలో ఆ నడక ఒక్క మనిషిదే. అతను గోవిందరాజులు. తొమ్మిదేళ్ళు వేలూరు సెంట్రల్ జైల్లో ఉండి వచ్చినవాడు. వచ్చాక ఈ ఊళ్ళో నిలదొక్కుకోబోతుంటే పదిరోజుల్లో అతని కాళ్ళ కింద నేల లాగేసింది తనే. ఆ సంగతి నలభై రెండేళ్ళుగా లోకేశ్వరి కడుపులోనే ఉంది. కట్టుకున్నవాడితో కూడా అనలేదు, ఆయన అది తెలియకుండానే పోయాడు.

"ఎందుకు వచ్చినాడో అడిగినావా?"

"అడిగినా. ఆమెతోనే చెప్పాల అన్నాడు."

అబద్ధమెందుకు, లోకేశ్వరి ఆ పూట భయపడింది. అరవై ఆరేళ్ళ మనిషి, మనవళ్ళను ఎత్తిన మనిషి, పట్టపగలు తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది. వంకాయలు తరుగుతూ వేలు కోసుకుంది. జైలు నుంచి వచ్చినవాడు తనను జైలుకు పంపినవాళ్ళ ఇంటి ఎదుట కూర్చుని పగ తీర్చుకునే కథ ఆమెకు వచ్చినంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ఆ కథ చెప్పి వీధి వీధినంతా వణికించిన మనిషి ఆమే మరి.

అప్పట్లో లోకేశ్వరి నాన్న వెంకటేశన్ టాకీసు గేటు దగ్గర టికెట్లు చించేవాడు. కౌండిన్య ఏటి పక్కన రేకుల టాకీసు. ముందు నేల, దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ఆడవాళ్ళకు నడుమెత్తు గోడ కట్టి వేరేగా చోటు ఉండేది. గేటు మనిషి కూతురిని ఎవరు ఆపుతారు? వారం వారం మారిన ప్రతి సినిమా మొదటి ఆటకే చూసేది. ఇసకలో చిన్న గుట్ట చేసుకుని, దాని మీద దర్జాగా కూర్చుని, వేయించిన వేరుశెనక్కాయలు వలుచుకుంటూ చూసేది. పెళ్ళయ్యాక కూడా మానలేదు. ఆ ఇసక, ఆ రేకుల వేడి, మధ్యలో ఫిలిం తెగితే నేల జనం వేసే ఈలలు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ప్రాణం లేచి వస్తుంది. ఆ టాకీసు ఉన్న చోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. అందులో ఎవరి పెళ్ళికి పోయినా లోకేశ్వరి తాళి కట్టేది చూడదు, తెర ఎక్కడ ఉండేదో లెక్క వేసుకుంటూ కూర్చుంటుంది.

పగలు అగ్గిపెట్టెల కంపెనీలో పని. సన్నటి పుల్లల్ని గాళ్ళు కొట్టిన చెక్క చట్టంలో వరసగా పేర్చాలి. చట్టం నిండితే బిగించి పక్కన పెట్టాలి, మగవాళ్ళు తీసుకుపోయి మందులో ముంచేవారు. నలభై మంది ఆడవాళ్ళు పొడుగాటి కొట్టంలో ఎదురూబొదురూ కూర్చునేవారు. చేతులు వాటంతట అవే ఆడేవి, చెవులకు మాత్రం పని ఉండేది కాదు. ఆ పని లోకేశ్వరి ఇచ్చింది.

ఆమె కథ చెప్పడమంటే ఊరికే చెప్పడం కాదు. అరవ సినిమాను తెలుగులోకి దించేది. అరవనాడు కాబట్టి బడిలో చదివింది అరవమే, తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవడం రాదు. కానీ ఇంట్లో, పనిలో, కోపంలో, కలలో అన్నిటా తెలుగే కాబట్టి కథ కూడా తెలుగులోనే నడిచేది. పాట వస్తే మాత్రం అరవంలోనే పాడేది. గుర్రం వస్తే నాలుకతో టకటకలాడించేది. ఏడుపు ఘట్టం వస్తే తనే ముందు ఏడ్చేది. మేస్త్రీ మొదట్లో కసిరేవాడు. కథ బిగువుగా ఉన్నప్పుడు చట్టాలు రెట్టింపు వేగంగా నిండుతున్నాయని చూసి, తర్వాత తనే స్తంభానికి ఆనుకుని వినేవాడు.

ఇక పోలిక సంగతి. సినిమా చూడనివాళ్ళకు మనిషి కళ్ళకు కట్టాలంటే ఎట్లా? లోకేశ్వరి ఊళ్ళోవాళ్ళ పోలిక పెట్టేది. కొత్త మనిషి కథలోకి రాగానే నలభై నోళ్ళూ "ఎవురి పోలిక?" అనేవి. హీరోయినా? పాలు పోసే ఆమె రెండో కూతురి పోలిక, మెల్లకన్ను తీసేయండి అనేది. ఒకసారి రాజుగారికి రేషన్ అంగడి ఆయన పోలిక పెట్టింది. ఆ వారమంతా ఆడవాళ్ళు కిరసనాయిలు పోయించుకుంటూ నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు, పాపం ఆయనకు ఎందుకో అంతుపట్టలేదు. ఎవరి పోలిక పెట్టినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. అదొక ఆట. లోకేశ్వరి అట్లాగే అనుకుంది.

ఆమె కథలు వినేవాళ్ళందరిలోనూ చెంగమ్మ ఒక ఎత్తు. రెండు పీటల అవతల కూర్చునేది. ఊఁ కొట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. సరిగ్గా కొట్టాల్సిన చోట కొట్టేది, అది విని లోకేశ్వరికి ఇంకో నాలుగు మాటలు పుట్టేవి. చెంగమ్మ గోవిందరాజులు భార్య. వాళ్ళది కావేరిపాక్కం పక్క సేద్యం. చెరువు తూము దగ్గర నీళ్ళ తగువులో గోవిందరాజులు విసిరిన పార దెబ్బకు ఒకతను చచ్చిపోయాడు. మొగుడు జైలుకు పోగానే చెంగమ్మ పుట్టిల్లు గుడియాత్తం వచ్చి కంపెనీలో చేరింది. తొమ్మిదేళ్ళు నెలనెలా బస్సెక్కి వేలూరు పోయి, కమ్మీల ఇవతల నుంచి ఆయన్ని చూసి వచ్చేది.

ఎనభై రెండులో గోవిందరాజులు బయటికి వచ్చాడు. లోపల నేత నేర్చుకున్నాడు. లుంగీల మగ్గాలు ఎనిమిది పెట్టుకున్న వేలాయుధం, వచ్చే నెల ఒక మగ్గం ఖాళీ అవుతుంది, నీకే ఇస్తానన్నాడు. అందాకా గోవిందరాజులు ఇంట్లో వండి, మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని కంపెనీకి వచ్చేవాడు. మొగుడు వండి తెచ్చిన అన్నం అని చెంగమ్మ ముద్ద ముద్దకూ మురిసిపోయేది. చింతపులుసు ఉప్పగా ఉన్నా ఎవరినీ ఒక మాట అననిచ్చేది కాదు.

ఆ ఏడు గంగమ్మ సిరసును ఊరేగించే తిరునాళ్ళు అయిన పదిరోజులకు కాట్పాడిలో రైలు దిగాల్సిన కొత్త సినిమా పెట్టె దిగలేదు. టాకీసువాళ్ళు ఎక్కడో మూల పడి ఉన్న పాత ఇంగ్లీషు సినిమా వేశారు. నలుపు తెలుపు. టాకీసులో పట్టుమని ఇరవైమంది లేరు. లోకేశ్వరికి ఒక్క మాట అర్థం కాలేదు, అయినా కథ మొత్తం అర్థమయింది. జైలు గేటు తెరుచుకుంటుంది. ఒకడు బయటికి వస్తాడు. తన మీద సాక్ష్యం చెప్పిన పోస్టుమాస్టరు ఇంటి ఎదురుగా గది తీసుకుంటాడు. ఏమీ చేయడు. రోజూ పొద్దున కిటికీలో కూర్చుని నారింజకాయ వలుస్తూ ఆ ఇంటి వైపు చూస్తాడు, అంతే. పోలీసులను పిలిస్తే, నారింజ తినడం నేరమా అంటాడు. లోకేశ్వరి వేరుశెనక్కాయలు వలవడం మరిచిపోయింది. ఇది నాలుగు రోజులకు సరిపడే కథ అని అక్కడే నిర్ణయించుకుంది.

రెండు రోజులు చెప్పింది. ఆడవాళ్ళు మాత్రం వణకలేదు. "టోపీ పెట్టుకోని ఈల వేసుకుంటా పొయ్యే దొరని చూస్తే మాకు భయం యాడ వస్తాది? పోలిక చెప్పు ముందు" అన్నారు. మూడోరోజు మధ్యాహ్నం మళ్ళీ అదే గోల. కథ జారిపోతుంటే చెప్పేవాళ్ళ పాట్లు చెప్పేవాళ్ళకే తెలుసు. లోకేశ్వరి దిక్కు తోచక వాకిలి వైపు చూసింది. ఎండలో గోవిందరాజులు వస్తున్నాడు. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చెయ్యి వెనక్కి పెట్టుకుని, తల వంచుకుని, ఎడమకాలు ఈడుస్తూ.

"అదో" అంది లోకేశ్వరి. "ఆ నడకే. అచ్చం ఆ పోలికే."

నలభై తలలూ వాకిలి వైపు తిరిగాయి. పుల్లలు పేర్చే చేతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. కథ చెప్పేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? ఆ ఒక్క క్షణం లోకేశ్వరికి ఎంత సంతోషమైందో చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆ తర్వాత రెండు పీటల అవతల ఊఁ వినపడలేదు. చెంగమ్మ సగం నిండిన చట్టం పక్కన పెట్టి, చీర దులుపుకుని, లోకేశ్వరి వైపు ఒక్కసారి చూసి, వాకిట్లోకి పోయి మొగుడి చేతిలో క్యారియరు అందుకుంది. అట్నుంచి అటే ఇంటికి పోయింది. మళ్ళీ కంపెనీకి రాలేదు.

కథ నలభై ఇళ్ళకు పోయింది. ఇంటికి పోయేసరికి సినిమా జారిపోయి గోవిందరాజులే మిగిలాడు. పని లేక టీ అంగడి ఎదుట కూర్చుంటే, చూడండి ఎవరి కోసమో కాచుకుని ఉన్నాడు అన్నారు. పిల్లల్ని ఆ వీధిలో పోనివ్వలేదు. వేలాయుధం భార్య కూడా ఆ కొట్టంలోనే పుల్లలు పేర్చేది. నాలుగోరోజు వేలాయుధం, మగ్గం ఖాళీ కావడం లేదప్పా అని చెప్పేశాడు. పదోరోజుకు ఆ ఇంటికి తాళం పడింది. అరక్కోణం పోయారని, అక్కడ గూడ్సు షెడ్డులో మూటలు మోస్తున్నాడని ఎవరో అన్నారు. లోకేశ్వరి ఆ తర్వాత కూడా కథలు చెప్పింది గానీ పోలిక పెట్టడం మానేసింది. నీ కథల్లో ఉప్పు చాలడం లేదని అందరూ దెప్పారు. ఆమె ఆ మాటలు పడింది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి గోవిందరాజులు వచ్చాడు. జుట్టంతా పండిపోయింది, నడక మాత్రం మారలేదు. లోకేశ్వరి తలుపు పట్టుకుని నిలబడింది.

"బాగుండావా లోకమ్మా? నన్ను గుర్తుపట్టినావా?"

"పట్టినాను అన్నా. రా, కూసో."

"కూసునే టైం లేదమ్మా. చెంగమ్మకు ఒళ్ళు బాగలేదు. వేలూరు ఆస్పత్రిలో పెట్టి ఇరవైరోజులాయ. కిడ్నీలు రెండూ పొయినాయన్నారు. ఏం కావాలే నీకు అంటే, లోకా కథ సగంలో లేచొచ్చినాను, మిగతాది వినాల అంటాది. మతి చలించి అంటా ఉండాదేమో అనుకుంటి. కాదు, రోజూ అదే మాట. నీకు కుదిరితే ఒక్క పూట రా తల్లీ."

అతని ముఖంలో కోపం లేదు, అడగడానికి మొహమాటపడుతున్న మనిషి ముఖమే ఉంది. లోకేశ్వరి చీర కూడా మార్చుకోకుండా చెప్పులేసుకుంది.

బస్సులో పళ్ళికొండ దాటేదాకా అతను అరక్కోణం సంగతులే చెప్పాడు. మూటలు మోసింది, తర్వాత కాపలా పనిలో కుదిరింది, పిల్లలు పుట్టకపోయింది. "ఊరిడిచి పోయేటప్పుడు నీకు చెప్పి రాలేదని చెంగమ్మ బాధపడేదమ్మా" అన్నాడు. అప్పుడు లోకేశ్వరికి తెలిసింది, అతనికి ఏమీ తెలియదని. చెంగమ్మ ఇన్నేళ్ళూ చెప్పలేదు. నోరు మూసుకుని కథ ముగించి వచ్చేస్తే, అతనికి ఎప్పటికీ తెలియదు. చెంగమ్మ పోతే ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వేలూరు బస్టాండు వచ్చేదాకా అదే ఆలోచించింది.

ఆస్పత్రి మంచం మీద చెంగమ్మ చిన్నపిల్లంత అయిపోయింది. కళ్ళు మాత్రం పాత కళ్ళే.

"వచ్చినావా లోకా" అంది. "కూసో. వాడు ఎదురింట్లో నారింజకాయ వలుస్తా ఉండాడు. ఆడ ఆపినావు."

గోవిందరాజులు స్టూలు లాగి వేసి, తను మంచం అవతల నిలబడ్డాడు. చెంగమ్మ లోకేశ్వరి చెయ్యి పట్టుకుంది, కాస్త గట్టిగానే పట్టుకుంది. మాట్లాడొద్దనో, మాట్లాడమనో లోకేశ్వరికి తెలియలేదు.

"వాడు లేచినాడక్కా" అని మొదలుపెట్టింది. "లేచి, కిటికీ మూసి, మెట్లు దిగి..." అక్కడే ఆపేసింది. దిగినవాడు ఎట్లా నడిచాడో చెప్పాలి తర్వాత.

ఆమె తల తిప్పి గోవిందరాజులును చూసింది.

"అన్నా, నీకొక సంగతి చెప్పాల. కథ కాదు. ఆ సినిమాలో జైలు నించి వచ్చినోనికి నేను నీ పోలిక పెట్టినాను. నువ్వు క్యారియరు పట్టుకోని వస్తా ఉండావు. అదో ఆ నడకే అని అందరికీ చూపించినాను. సినిమాలో వాడు అట్ల నడవనే నడవడు. కథ రక్తి కట్టాలని అట్లా అన్నాను. ఊరంతా ఆ పొద్దునించే నిన్ను చూసి భయపడింది."

గోవిందరాజులు మంచం చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"వేలాయుధం మగ్గం లేదన్నది దీనికా?"

"దీనికే."

"నేను జైలుకు పొయినందుకు అనుకుంటి" అన్నాడు. మాట నెమ్మదిగా వచ్చింది. "ఒక మనిషి నా చేతిలో చచ్చిపొయినాడు. అది నా తప్పు, దానికి జనం ఏమన్నా పడాల్సిందే అనుకోని నలభై రెండేండ్లు పడితిని. ఇది నాది కాదు గదమ్మా."

లోకేశ్వరి ఏడ్చింది. ఘట్టానికి తగ్గట్టు ఏడ్చే ఏడుపు కాదది, ముక్కు చీదుకుంటూ, దగ్గుతూ ఏడ్చింది.

అతను భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

"నేను ఆడనే ఉంటిని గదా."

"నాకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు వీధిలో నడిచేదే మానేస్తావని" అంది చెంగమ్మ.

గోవిందరాజులు బయటికి పోయాడు. వరండా చివరిదాకా నడిచి, అక్కడ కిటికీ దగ్గర వీపు తిప్పుకుని నిలబడ్డాడు. లోకేశ్వరి లేవబోయింది. చెంగమ్మ చెయ్యి వదలలేదు.

"ఆయన ముందర నువ్వే చెప్తావా చెప్పవా అని చూస్తా ఉండినా" అంది. "నేను చెప్పి పోతే ఆయన నిన్ను తిట్టుకుంటాడు. చెప్పకుండా పోతే ఆయన తన్నే తిట్టుకుంటా చస్తాడు. నువ్వే చెప్పాల గదా లోకా." ఆయాసం వచ్చి ఆగింది. లోకేశ్వరి నీళ్ళు పట్టింది.

పావుగంటకు గోవిందరాజులు తిరిగి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు, చొక్కా ముందు భాగం తడిసింది. మంచం అంచు మీద కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు. "నా కొంప తీసిన కథ. అదేందో నేనూ వింటా."

లోకేశ్వరి చెప్పింది. మొదట మాటలు వెతుక్కుంది, తర్వాత కథ దానంతట అదే దారిలో పడింది. పోస్టుమాస్టరు కూతురు పాడుబడిన పిండిమిల్లులో చిక్కుకోవడం, వాడు చీకట్లో ఈల వేస్తూ వెతకడం, ఆ పిల్ల తెలివిగా మర తిప్పేసరికి ఆ చప్పుడుకు ఊరంతా పరుగెత్తుకు రావడం, అన్నీ చెప్పింది. పక్క మంచం ఆమె దిండు నిలబెట్టుకుని ఇటు తిరిగింది. సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు మార్చేశాక కూడా పోలేదు. ఇన్నేళ్ళ తర్వాత, సరిగ్గా కొట్టాల్సిన చోట, సన్నగా ఊఁ వినపడింది. ఆ ఊఁ విని లోకేశ్వరికి సినిమాలో లేని మాటలు నాలుగు పుట్టాయి. చివరికి పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు, జైలు గేటు మూసుకుంది.

"అంతేనా?" అన్నాడు గోవిందరాజులు.

"అంతే అన్నా."

"వానికి పెండ్లాం లేదా?"

"ఉండింది. వాడు లోపల ఉండంగానే ఇంగొకణ్ణి చేసుకోని పొయ్యేసింది."

గోవిందరాజులు చెంగమ్మ వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, నిద్రో, వింటూ ఉందో. జారిపోయిన దుప్పటి ఆమె భుజాల దాకా లాగి, అంచు దోపాడు. ఆ పని చాలాసేపు చేశాడు.

"నిన్ను ఏమనాలో నాకు ఇంకా తెలీలేదమ్మా" అన్నాడు లోకేశ్వరి వైపు చూడకుండానే. "రేపు డాక్టరు పదిగంటలకు వస్తాడు. ఆయన పొయినాక రా. ఈమెకు ఇంగొకటి చెబుదువు."